ఉప్పునీటి అక్వేరియానికి లైవ్ రాక్: ఎంచుకునే దగ్గర్నుంచి ట్యాంకులో పేర్చేదాకా

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని అనుకోగానే చాలామంది ముందు చేపలను ఎంచుకుంటారు, తర్వాత లైట్లు చూస్తారు, రాళ్ల సంగతి చివరికి వస్తుంది. ఈ వరుసను తిరగేయండి. ట్యాంకులోకి అందరికంటే ముందు దిగేది రాయే, అందరికంటే ఎక్కువ కాలం ఉండేదీ రాయే. నచ్చని చేపను తిరిగి ఇచ్చేయవచ్చు, లైటు మార్చుకోవచ్చు. అడుగున ఉన్న ఒక్క రాయిని తీయాలంటే మాత్రం పేర్చినదంతా విప్పాలి. అందుకే రాయి విషయంలో తొందరపడకూడదని గట్టిగా చెబుతాను.

లైవ్ రాక్ అంటే పగడపు దిబ్బల నుంచి విరిగిపడిన పాత పగడాల అస్థిపంజరం. ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. రాయికి ప్రాణం లేదు. దాని పైపొరలోనూ లోపలి సన్నని రంధ్రాల్లోనూ కాపురమున్న బ్యాక్టీరియా, స్పాంజీలు, పురుగులు, కంటికి ఆననంత చిన్న రొయ్యజాతి జీవులు, గులాబీ ఊదా రంగుల్లో రాయిని అంటిపెట్టుకుని పెరిగే కోరలైన్ నాచు, వీటన్నిటివల్లే దానికి ఆ పేరు. మనకు అన్నిటికంటే కావలసినది బ్యాక్టీరియా. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఆక్సిజన్ బాగా తగిలే పైపొరలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ చేరని లోతుల్లో ఉండే మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి నీటిలోంచి బయటికి పంపుతుంది. పైన ఒక పని, లోపల ఒక పని. రెండూ జరగాలంటే రాయి నిండా రంధ్రాలు ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే ఎంపికలో సగం పని అయిపోయినట్టే.

1960ల తొలినాళ్లలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రపు నీరు, గాలి బుడగలు, జీవమున్న రాళ్లు తప్ప వేరే ఫిల్టర్ లేకుండా పగడాలను పెంచి చూపించాడు. తర్వాత బెర్లిన్‌లోని అక్వేరియం ప్రియులు దానికి ప్రొటీన్ స్కిమ్మర్‌ను, అంటే నీటిలోని మలినాలను నురగతో లాగేసే పరికరాన్ని, జోడించారు. ఇప్పటికీ దాన్ని బెర్లిన్ పద్ధతి అనే పిలుస్తారు. నేటి ఇంటి ట్యాంకుల్లో చాలావాటికి పునాది అదే.

మొదటి పని: ఏ రకం రాయో తేల్చుకోండి

సహజమైన దిబ్బల నుంచి తీసిన రాయి ఒక రకం. జీవవైవిధ్యం ఎక్కువ, దాంతోపాటు అక్కర్లేని అతిథులూ ఎక్కువ. దిబ్బకు జరిగే నష్టం కూడా నిజమే. రాతి పగడాలు వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందంలో రెండో అనుబంధం కింద ఉన్నాయి కాబట్టి, వాటితో ఏర్పడిన ఈ రాళ్లు దేశాల సరిహద్దులు దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. కొన్ని దేశాల్లో వీటిని సేకరించడమే నేరం. ఫ్లోరిడా దగ్గరి సముద్రంలో సహజ దిబ్బల నుంచి రాళ్లు తీయడాన్ని అమెరికా 1990లలో ఆపేసి, సముద్రంలో రాళ్లను సాగు చేయడానికి అనుమతులు ఇచ్చింది. మీరుండే చోట చట్టం ఏమంటోందో కొనకముందే కనుక్కోండి. పత్రాలు అడిగితే మాట దాటవేసే అమ్మకందారు దగ్గర కొనకండి. సముద్రతీరంలో దొరికిన రాయిని సంచిలో వేసుకుని రావడం కూడా వద్దు. అది చట్టవిరుద్ధం కావచ్చు, ఏ నూనె, ఏ లోహం పీల్చుకుని ఉందో కూడా తెలియదు.

రెండో రకం, నేల మీద తవ్విన సున్నపురాయిని సముద్రంలో దించి, ఏళ్ల తరబడి వదిలేసి, జీవులు పట్టాక పైకి తీసేది. దిబ్బకు హాని లేదు, జీవం పుష్కలం. బరువు మాత్రం కాస్త ఎక్కువగా ఉంటుంది.

మూడోది డ్రై రాక్. పురాతన పగడపు నిక్షేపాల నుంచి తవ్వి తీసిన ఎండు రాయి, లేదా ఒకప్పుడు ట్యాంకులో ఉండి ఎండిపోయిన రాయి. పురుగుల బెడద ఉండదు, తీరిగ్గా అతికించి కావలసిన ఆకారం ఇవ్వవచ్చు. బ్యాక్టీరియాను మాత్రం మొదట్నుంచీ మనమే పెంచుకోవాలి. మొదటి నెలల్లో గోధుమరంగు డయాటములు, జిగురు తీగల్లాంటి డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు ఈ ట్యాంకుల్లో ఎక్కువగా ఇబ్బంది పెడతాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా: ముప్పాతిక వంతు డ్రై రాక్ తీసుకోండి. మిగిలిన పాతిక వంతు, ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు నుంచి వచ్చిన మంచి లైవ్ రాక్ తీసుకోండి. ఆ కొద్ది రాళ్ల మీది జీవమే మిగతావాటికి పాకుతుంది. వంద శాతం సహజ రాయి కోసం పట్టుబట్టడం ఇప్పుడు అవసరం లేదు.

రెండో పని: చేతిలోకి తీసుకుని చూడండి

ఫొటో చూసి రాయి కొనవద్దు. వీలైతే స్వయంగా వెళ్లండి. గ్లవ్స్ వేసుకుని రాయిని నీటిలోంచి ఎత్తండి. సైజును బట్టి మీరు ఊహించిన బరువుకంటే తేలికగా ఉందంటే లోపల ఖాళీలు ఉన్నాయన్నమాట, అదే కావాలి. ఇటుకంత రాయి ఇనుప దిమ్మలా బరువుంటే వదిలేయండి. అది చోటు ఆక్రమిస్తుంది, డబ్బు తింటుంది, నీటిని శుభ్రం చేసేది తక్కువే. ఎత్తినప్పుడు నీరు రంధ్రాల్లోంచి ధారలుగా కారుతోందా, పైపైనే జారిపోతోందా చూడండి.

తర్వాత ముక్కు దగ్గర పెట్టుకోండి. మంచి రాయికి సముద్రపు గాలి వాసన ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల ఏదో చచ్చి కుళ్లుతోంది. అలాంటి రాయి పనికిరాదని కాదు, ఇంకా క్యూరింగ్ (చచ్చినవన్నీ కుళ్లి పోయేదాకా రాయిని విడిగా నీటిలో ఉంచడం) కాలేదని అర్థం. అప్పుడు ఇంట్లో ఎక్కువ పని పడుతుంది. అమ్మేవారు ‘క్యూర్ అయిన రాయి’ అంటే, ఎన్ని వారాలుగా వారి దగ్గర ఉందో, ఆ నీటిలో అమ్మోనియా ఎంతుందో అడగండి. టెస్ట్ కిట్ వెంట తీసుకెళ్లి ఆ నీటిని అక్కడే పరీక్షించినా తప్పు లేదు.

రంగులు చూసి మోసపోకండి. ఊదారంగు కోరలైన్ నాచు అందంగానే ఉంటుంది, పైగా ఆ రాయి మంచి నీటిలో ఉందనడానికి గుర్తు. అయితే అది లేని రాయి మీద కూడా నెలల్లో అదే పాకుతుంది. తెల్లటి మచ్చలు, బూజులాంటి బూడిదరంగు పొర, మెత్తబడి జారుతున్న స్పాంజీ ముక్కలు, ఇవి చావుకు గుర్తులు. ఈక ఆకారపు ముదురాకుపచ్చ బ్రయాప్సిస్ గానీ, గాజుపూసల్లా మెరిసే ఆకుపచ్చ బుడగ నాచు గానీ కనిపిస్తే ఆ రాయి వద్దు. ఒకసారి ట్యాంకులో పడ్డాక వీటిని వదిలించుకోవడం చాలా కష్టం.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ రాళ్లున్న ట్యాంకులో ఎప్పుడైనా రాగి మందు వేశారా? చేపల జబ్బులకు రాగి వాడతారు. రాయి దాన్ని పీల్చుకుంటుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు చిన్న మోతాదుకే చచ్చిపోతాయి. వేశామంటే, లేదా జవాబు సరిగ్గా లేకపోతే, ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

ఎంత కావాలి? పది లీటర్ల నీటికి కిలో నుంచి కిలోన్నర అన్నది పాత లెక్క. బరువైన రాళ్ల కాలంలో పుట్టిన లెక్క అది. రంధ్రాలు బాగా ఉన్న తేలికపాటి రాయికి అందులో సగం కాస్త అటూ ఇటూ చాలు. లెక్కకంటే ముఖ్యం, రాళ్లు పేర్చాక ట్యాంకులో నీరు తిరగడానికి, చేపలు ఈదడానికి చోటు మిగలడం. అన్నీ గుండ్రటి బండలే ఏరుకోకండి. పలకల్లాంటివి, కొమ్మల్లాంటివి, వంపు ఉన్నవి కలిపి తీసుకుంటే పేర్చేటప్పుడు ఎంతో సులువు.

మూడో పని: రాయి రాకముందే నీరు సిద్ధం

రాయి ఇంటికొచ్చాక ఉప్పు కలుపుకోవడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ముందురోజే కలిపి ఉంచండి. ఆర్ఓ, ఆపైన మిగిలిన లవణాలను పట్టేసే డీఐ ఫిల్టర్ రెండూ దాటి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల లెక్క) సున్నా చూపే నీటిలో ఉప్పునీటి అక్వేరియాల కోసం చేసిన ఉప్పు వేసి, పంపుతో రాత్రంతా తిప్పండి. రిఫ్రాక్టోమీటర్‌లో లవణత 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతులు), అంటే సాంద్రత 1.026 దగ్గర ఉండాలి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్. ఆహార పదార్థాలకు వాడదగిన ప్లాస్టిక్ టబ్బు, హీటర్, బలమైన పవర్ హెడ్ (నీటిని తిప్పే పంపు), అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్ టెస్ట్ కిట్లు, మెత్తని బ్రష్, పట్టకారు, పొడవాటి గ్లవ్స్ దగ్గర పెట్టుకోండి. మార్చడానికి మరో టబ్బెడు ఉప్పునీరు కూడా కలిపి ఉంచితే హడావుడి ఉండదు.

తెచ్చేటప్పుడు రాళ్లను ఉప్పునీటిలో తడిపిన న్యూస్‌పేపర్‌లో చుట్టి మూతపెట్టిన థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. బ్యాక్టీరియా తేమలో కొన్ని గంటలు తట్టుకుంటుంది. స్పాంజీలు గాలి తగిలితే తట్టుకోవు. దూరం ఎక్కువైతే నీటిలోనే తీసుకురండి.

నాలుగో పని: రాయిని ఒక్కొక్కటిగా పరీక్షించండి

గ్లవ్స్ లేకుండా రాయిని పట్టుకోకండి. రంధ్రాల్లో ఉండే ముళ్ల పురుగుల నూగు చర్మంలో గుచ్చుకుంటే రోజుల తరబడి మంట పుడుతుంది. చేతిమీద తెగిన గాయముంటే మైకోబ్యాక్టీరియం మారినం అనే క్రిమి వల్ల మానని పుండు రావచ్చు. ఇంకో ప్రమాదం ఇంతకంటే పెద్దది. రాయిని ఎన్నడూ మరిగించకండి, ఓవెన్‌లో పెట్టకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, వేడినీటి జెట్‌తో కడగకండి. రాళ్ల మీద బొత్తాల్లా గుంపులుగా పెరిగే కొన్ని జోవాంథిడ్ జీవుల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రాళ్లను మరిగించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఎండిన రాయి మీద కూడా ఆ విషం మిగిలి ఉండగలదు. దయచేసి ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఇంట్లో మిగతావారికీ చెప్పి ఉంచండి.

రాయిని ఉప్పునీటి ట్రేలో పెట్టి అన్ని వైపులా తిప్పి చూడండి. మెత్తబడి తెల్లబారిన స్పాంజీని పట్టకారుతో లాగేయండి. వేలితో నొక్కితే ఇంకా బిగువుగా ఉండి, రంగు పోని స్పాంజీ బతికే ఉంది, వదిలేయండి. చచ్చిన నాచును బ్రష్‌తో తోమండి. కోరలైన్ నాచును గీకవద్దు. పనంతా ఉప్పునీటిలోనే జరగాలి. మంచినీటి కుళాయి కింద కడిగితే మనం డబ్బు పెట్టి కొన్న జీవం కాలువలోకి పోతుంది.

తర్వాత వేరే బకెట్‌లో సాంద్రత 1.035 నుంచి 1.040 ఉండేలా చిక్కటి ఉప్పునీరు కలిపి, రాయిని ఒకటి రెండు నిమిషాలు ముంచి ఊపండి. పీతలు, మాంటిస్ రొయ్యలు దానికి తాళలేక బయటికి దూకుతాయి. మాంటిస్ రొయ్యను చేత్తో పట్టుకోకండి, దాని దెబ్బకు వేలు చిట్లుతుంది. ముళ్ల పురుగుల్లో ఎక్కువ రకాలు మిగిలిన మేతను తిని శుభ్రం చేసేవే, చూడగానే చంపాల్సిన పని లేదు.

గోధుమరంగులో పలుచని వేళ్లతో చిన్న తాటిచెట్టులా కనిపించేది ఐప్టేజియా, వదిలించుకోవాల్సిన ఒక రకం సీ అనిమోన్. ముట్టుకుంటే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుంటుంది. దాన్ని గీకవద్దు, కోయవద్దు. తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. చిక్కటి కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దను సిరంజితో దాని నోటిమీద పెట్టండి, లేదా అది ఉన్న రంధ్రాన్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుముద్దతో పూడ్చేయండి. పరీక్షకు సరైన వేళ రాత్రి. లైట్లన్నీ ఆర్పి గంటా రెండు గంటలు ఆగి, ఎర్రటి వెలుతురున్న టార్చితో టబ్బులోకి చూడండి. పగలు బోడిగా కనిపించిన రాయి మీద అప్పుడు ఎన్ని మీసాలు, ఎన్ని కాళ్లు బయటికొస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు. వాటిలో ఉండాల్సినవేవో, పోవాల్సినవేవో తెలిసేది కూడా అప్పుడే. టబ్బులోంచి టక్కు టక్కుమని చప్పుడు వినిపిస్తే మాంటిస్ రొయ్య గానీ పిస్టల్ రొయ్య గానీ ఉందని అనుమానించండి.

ఐదో పని: క్యూరింగ్

దూరం నుంచి వచ్చిన రాయి మీద కొన్ని జీవులు దారిలోనే చచ్చిపోయి ఉంటాయి. అవి కుళ్లి, ఆ మాలిన్యాన్ని బ్యాక్టీరియా అరిగించుకునేదాకా రాయిని వేరే టబ్బులో ఉంచడమే క్యూరింగ్. చేపలున్న ట్యాంకులో ఈ పని ఎప్పుడూ చేయకండి.

రాళ్లను ఒకదానిమీద ఒకటి కుప్పపోయకుండా, చుట్టూ నీరు తిరిగేలా సర్దండి. పవర్ హెడ్ నీటి పైభాగాన్ని కలియబెట్టేలా ఉంటే ఆక్సిజన్ బాగా అందుతుంది. స్కిమ్మర్ ఉంటే దీనికే పెట్టండి. టబ్బు మీద వెలుతురు పడనీయకండి, లేకపోతే పాడు నాచు పట్టుకుంటుంది. కోరలైన్ నాచు కొన్ని వారాల చీకటిని ఓర్చుకుంటుంది.

మొదటి వారం రోజూ అమ్మోనియా చూడండి. 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) దాటితే సగం నీరు మార్చేయండి, మిగిలిన జీవం కూడా చావకుండా ఉండాలంటే అదొక్కటే మార్గం. కొత్త నీటి లవణత, ఉష్ణోగ్రత పాత నీటితో సమానంగా ఉండాలి. దాటకపోయినా వారానికోసారి సగం నీరు మార్చండి. మార్చేముందు ప్రతి రాయినీ ఆ నీటిలోనే ఊపితే రంధ్రాల్లోని మడ్డి రాలుతుంది, దాన్ని అడుగు నుంచి పైపుతో లాగేయండి. అప్పుడప్పుడూ రాయిని వాసన చూసి, కొత్తగా చచ్చిన భాగాలను తోమండి.

క్యూరింగ్ ఎన్నాళ్లు? మంచి రాయికి రెండు వారాలు సరిపోవచ్చు, పాడైన రాయికి రెండు నెలలు పట్టవచ్చు. క్యాలెండర్‌ను బట్టి నిర్ణయించకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా దగ్గర నిలిచి, దుర్వాసన పూర్తిగా పోతే క్యూరింగ్ అయినట్టు.

డ్రై రాక్ అయితే

ముందు వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగలు వస్తే కార్బొనేట్ రాయి. ఎరుపు తుప్పు గీతలు, లోహపు మెరుపు ఉంటే పక్కన పెట్టండి. దుమ్ముపోయేలా మంచినీటితో కడగండి, దీన్ని మంచినీటితో కడిగినా పోయే జీవం లేదు. రంధ్రాల్లో ఎండిన నాచు, స్పాంజీ ఉంటే సువాసన కలపని మామూలు బ్లీచ్ ఒక వంతు, నీరు పది వంతులు కలిపి ఆరుబయట ఒకటి రెండు రోజులు నానబెట్టండి. ఆ తర్వాత బాగా కడిగి, క్లోరిన్ విరిచే మందు కలిపిన నీటిలో ఒకరోజు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరబెట్టండి. బ్లీచ్‌కు ఆమ్లం గానీ వెనిగర్ గానీ తగలనీయకండి, విషవాయువు పుడుతుంది. రాయి శుభ్రంగానే ఉంటే బ్లీచ్ అవసరమే లేదు.

డ్రై రాక్‌లో కనిపించని చిక్కు ఫాస్ఫేట్. ఏళ్ల తరబడి పోగైన ఫాస్ఫేట్‌ను రాయి నీటిలోకి వదులుతూనే ఉంటుంది, నాచుకు అదే మేత. అందుకే ఈ రాళ్లను కూడా హీటర్, పంపు ఉన్న ఉప్పునీటి టబ్బులో ఉంచి, ఫాస్ఫేట్ చూస్తూ, నీరు మారుస్తూ పోవాలి. 0.1 పీపీఎం లోపల నిలకడగా ఉంటే చాలు. ఈలోపు బ్యాక్టీరియా పెంచవచ్చు. సీసాలో దొరికే నైట్రిఫైయింగ్ (అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే) బ్యాక్టీరియా వేసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు తీసుకురండి. ఆ 2 పీపీఎం ఒకే రోజులో సున్నాకు వచ్చి, నైట్రైట్ కూడా పోతే రాళ్లు పనికి సిద్ధం. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, లైవ్ రాక్ ముక్కలు కలిపితే ఇంకా త్వరగా అవుతుంది.

చివరి పని: పేర్చడం

ట్యాంకు అడుగు కొలతను ఒక అట్టమీద గీసి, డ్రై రాక్ అయితే దానిమీద తీరిగ్గా అమర్చి చూడండి. ఫొటో తీసుకుని, ఒక పూట ఆగి మళ్లీ చూడండి. మొదటి అమరిక దాదాపు ఎప్పుడూ అడ్డుగోడలా వస్తుంది. గోడ కట్టవద్దు. వెనక నీరు నిలిచిపోయి మడ్డి పేరుకుంటుంది. రెండు గుట్టలు, మధ్యలో దారి, అక్కడక్కడా గుహలు ఉంటే నీరూ తిరుగుతుంది, చేపలకు దాక్కునే చోటూ దొరుకుతుంది. అద్దాల నుంచి అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్లు వదలండి, తుడిచే అయస్కాంతం పట్టాలి కదా. పైన మూడోవంతు ఎత్తు ఖాళీ ఉంచితే రేపు పగడాలు పెరగడానికి చోటుంటుంది.

రాళ్లను ఇసుక మీద కాదు, అద్దం మీదే నిలబెట్టి తర్వాత చుట్టూ ఇసుక పోయండి. ఇసుక తవ్వే చేపలూ రొయ్యలూ అడుగు తవ్వేస్తే గుట్ట కూలుతుంది, అద్దం పగలవచ్చు. ప్రతి రాయీ మూడు చోట్ల ఆనుకుని, వేలితో తోస్తే కదలకుండా ఉండాలి. కదిలితే అక్వేరియానికి పనికొచ్చే ఎపాక్సీ, జెల్ రకం సూపర్ గ్లూ వాడండి. ఎత్తుగా నిలిపేవాటికి రంధ్రం వేసి యాక్రిలిక్ కడ్డీ దూర్చండి. రంధ్రం వేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

రాళ్లు దిగాక వారాలపాటు అమ్మోనియా మళ్లీ చూస్తూ ఉండండి. అమర్చేటప్పుడు కదిలిన మడ్డి వల్ల కొద్దిగా పెరగవచ్చు. డయాటములు గోధుమరంగు దుమ్ములా అన్నిటినీ కప్పేస్తే కంగారుపడి రాళ్లు బయటికి తీయకండి. చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, అప్పుడు నత్తలను దించవచ్చు. కోరలైన్ నాచు పాకాలంటే కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం, క్షారత 8 లేదా 9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) దగ్గర నిలకడగా ఉంచండి.

చేపల సంగతి చివర్లో చూడాలని చెప్పింది ఇందుకూ: చేపలున్న ట్యాంకు నుంచి వచ్చిన రాయి మీద తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ పొదుగు సంచులు అంటుకుని ఉండవచ్చు. చేప దొరకకపోతే ఆ పరాన్నజీవి బతకలేదు. కాబట్టి అలాంటి రాళ్లున్న ట్యాంకును 76 రోజులపాటు చేపలు లేకుండా నడపండి. ఈ వ్యవధిలో బ్యాక్టీరియాకు మేతగా వారానికి రెండుసార్లు చిటికెడు చేపల మేత వేస్తూ ఉండండి, నత్తలు, చిన్న రొయ్యలు హాయిగా ఉంటాయి. ఆ తర్వాత ఒక్క చేపతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు అమ్మోనియా సున్నాలోనే ఉంటే రెండోదాన్ని తెచ్చుకోండి.